నీళ్లు వదిలేలోపు

ఆనకట్ట గేట్లు మూడింటికి తెరుస్తారు. ఇప్పుడు రెండు దాటి పది నిమిషాలు.

రోవెనా మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఏటి పొడుగునా చూపు సారించింది. పొద్దుట్నుంచి ఐదు చోట్లు వెతికారు. ఎక్కడా జాడ లేదు.

“పెద్దాయన ఇక్కడుండడమ్మాయ్,” అన్నాడు డెల్బర్ట్, నములుతున్న పొగాకు ఉమ్మేసి. రోవెనాకు పక్కింటి బాబాయ్. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని ఈ ఏట్లో నలభై ఏళ్లుగా గేలం వేస్తున్న మనిషి.

“ఎందుకుండడు? వంపుంది. లోతుంది.”

“ఎండ చూడు. పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేప ఇంత ఎండలో ఒక్క క్షణం నిలవదు. బయట తిరిగేవన్నీ పిల్ల చేపలే. ముప్పై అంగుళాలది ఉండాలంటే నీడ కావాలి, చల్లనీళ్లు కావాలి, తిండి తన నోటి దగ్గరికే కొట్టుకురావాలి. మన పెద్దాయనకి ఆ లెక్కలన్నీ నాకంటే బాగా తెలుసు.”

“ఎక్కడో చెప్పు బాబాయ్! పాఠాలు తర్వాత చెబుదువుగాని.”

డెల్బర్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఉన్నట్టుండి అతని మొహం మారిపోయింది.

“సికమోర్ చెట్టు! దిగువన ఊటనీళ్లు ఏట్లో కలిసే చోట పడిపోయింది చూడు, ఆ చెట్టు. దాని వెనక ఉరికే నీళ్లూ నిలవ నీళ్లూ ఒరుసుకుంటాయి. పోయిన వేసవిలో రెండుసార్లు అక్కడే కనబడ్డాడు.”

“మరి పద!”

“గేట్లు తెరిస్తే ముందు మునిగేది అదే.”

“ఇవాళ్టికి ఆగమని వాళ్లనడిగితే?”

“ఈ లోయలో ఫోన్ ఎప్పుడు పలికింది గనక?”

ఇద్దరూ ఒడ్డు వెంట పరుగు తీశారు. నాచు పట్టిన రాళ్ల మీద రోవెనా ఒకసారి పడింది. మోకాలు చీరుకుపోయింది. దానివైపు చూడనైనా చూడలేదు.

పడిపోయిన చెట్టు కనబడేసరికి రెండూ నలభై అయింది.

“అదిగో,” డెల్బర్ట్ గొంతు తగ్గించాడు.

మాను వెనక నీడలో నీళ్లు కదిలాయి.

రోవెనా గొంతుదాకా వచ్చిన కేకను మింగేసింది. పోయిన నెల ఇలాగే కేకేసింది. ఆ కేకకు బెదిరి పెద్దాయన సరాసరి లోతులోకి జారుకున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు నిద్ర పట్టదు.

“వెనకనుంచి పో. నీ నీడ పడనీకు. చప్పుడు చేయకు.”

ఆమె దిగింది. చలికి పాదాలు కొంకర్లు పోయాయి. ఒక్కో అడుగూ తడిమి చూసుకుని వేస్తోంది.

ఎగువన సైరన్ మోగింది.

రోవెనా కొయ్యబారి నిలబడింది. “ఇంకా మూడు కాలేదే!”

“ఇవాళ ముందే వదిలేస్తున్నారు! ఇక్కడికి నీళ్లు రావడానికి పది నిమిషాలు పడుతుంది. తొందరపడకు!” ఒడ్డున డెల్బర్ట్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. “ఆలస్యమూ చేయకు!”

రెండు బారల దూరం. ఒక బార. కొమ్మల సందున నల్లటి నీడ మెల్లగా ఇటు తిరిగింది. రోవెనా ఊపిరి బిగబట్టి రెండు చేతులూ చాచింది.

పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఎంత గింజుకున్నా వదల్లేదు. కాలు జారి నీళ్లు మింగినా వదల్లేదు. డెల్బర్ట్ కూడా బూట్లతోనే దూకి చేయి వేశాడు. ఇద్దరూ కలిసి ఒడ్డుకు లాక్కొచ్చి వెనక్కి తిరిగి చూసేసరికి సికమోర్ మాను కనబడటం లేదు.

రోవెనా గట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

“ఇంత గోల చేస్తే పెద్ద చేప పారిపోదూ?” అని విసుక్కుంటూ, తెల్లవారకముందే గేలం పట్టుకుని ఇంట్లోంచి వెళ్లిపోయిన ఆమె తండ్రి కూతురి మొహంలోకి కాసేపు పరీక్షగా చూసి, “ఇంతకీ నువ్వెవరి అమ్మాయివి తల్లీ?” అని అడిగాడు.