పెరట్లో పడవ

“ఈ బేరం కూడా చెడగొట్టారో, ఇక ఈ ఇంట్లో ఆ పడవైనా ఉండాలి, నేనైనా ఉండాలి!” అని పళ్లు కొరికి, భార్య టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

కెప్టెన్ గారు బుద్ధిగా తలూపారు. ఆ బిరుదు ఆవిడ ఇచ్చిందే. ఆయన వెలగబెట్టేది బ్యాంకు ఉద్యోగం. సముద్రాలు దాటేస్తానని కొన్న ఆ పాత తెరచాప పడవ పదకొండేళ్లుగా వాన నీళ్లు తప్ప వేరే నీళ్లు ఎరగదు. అయినా దాన్ని అమ్మడమంటే ఆయనకి ప్రాణం తీసి ఇచ్చినట్టే. భార్యకి ఎదురుచెప్పే ధైర్యం ఎలాగూ లేదు కనుక, కొనడానికొచ్చిన వాళ్లనే బెదరగొట్టి పంపేస్తుంటారు. ఇప్పటికి ఐదుగురు పారిపోయారు.

ఆరోవాడు పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. “బాగుచేయడానికి ఎంతవుతుందంటారు సార్?”

“మంచివాళ్లలా ఉన్నారు, మీ దగ్గర దాచడమెందుకు? అడుగు చెక్కంతా లోపల పుచ్చిపోయింది. రెండు లక్షలు.”

“అయ్యయ్యో!” అంటూ రాసుకున్నాడు.

“తెరచాప కొయ్య నిండా బీటలు. పైకి కనబడవు లెండి. అదో లక్ష.”

“పాపం!” అదీ రాసుకున్నాడు.

“తెరచాపల బట్ట చివికిపోయింది, పట్టుకుంటే చిరిగిపోతుంది. లక్షా ఇరవై వేలు. చుక్కాని సంగతి అడక్కండి. డెబ్బై వేలు.”

అతను నిట్టూర్చి పుస్తకం మూశాడు. కెప్టెన్ గారి మొహం చాటంత అయింది. అంతలో భార్య టీ తెచ్చింది.

“అమ్మా, మీ ఆయనంత నిజాయితీపరుణ్ణి నేనింతవరకు చూడలేదు. మీరు ఫోన్‌లో ఐదు లక్షలన్నారు. ఆయన చెప్పిన రిపేర్లు నాలుగు లక్షల తొంభై వేలు. అవి పోగా పదివేలు. ఇదిగోండి.”

“పదివేలా!” కెప్టెన్ గారు గావుకేక పెట్టారు.

భార్య నడుం మీద చెయ్యి వేసుకుంది. “ఏం? ఆ రిపేర్లన్నీ అబద్ధమా?”

“అబ్బే... నిజమే.”

“అయితే నోరు మూసుకోండి. బాబూ, నువ్వు అడిగుంటే ఎదురు డబ్బులిచ్చి మరీ పంపేదాన్ని!” అంటూ ఆవిడ డబ్బు అందుకుంది.

గేటు దాకా సాగనంపుతూ కెప్టెన్ గారు ఏడుపు గొంతుతో చివరి ప్రయత్నం చేశారు. “అంత ఖర్చు ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా? ఇంకోసారి ఆలోచించుకో.”

అతను ఆయన చెవి దగ్గరికి వంగాడు.

“నేను పడవలు కట్టే వడ్రంగిని సార్. మీరు చెప్పినవాటిలో ఒక్కటీ చెడిపోలేదు.”