ఏకగ్రీవం

మా ఊరి కూరగాయల మార్కెట్లో అమ్ముకునే ఆడవాళ్ళు మరుగుదొడ్డి లేక చీకటిపడేదాకా మంచినీళ్ళు కూడా తాగరు. దానికోసం మా మహిళా సమితి మూడేళ్ళుగా పోరాడుతోంది. ఇప్పుడు అర్జీలు మనుషులు రాస్తే చెల్లవు. సర్కారు మా బల్లమీద పెట్టిన రాతపెట్టె అనే యంత్రమే మన మాటలు విని, తీర్మానం రాసి, పైకి పంపాలి. సమితి నాయకత్వం ఏకగ్రీవం కాకపోతే అసలు పంపదు.

ఆ రోజే ఆఖరి గడువు. వంకాయల శేషారత్నం, ఆకుకూరల కోటేశ్వరి మళ్ళీ తగువు పెట్టుకున్నారు.

"నువ్వే ఉండు తల్లీ నాయకురాలిగా! నీ అంత తెలివి మాకెక్కడేడ్చింది?" అంది శేషారత్నం మూతి తిప్పుతూ.

"అయ్యో వదినా, నీ కాలిగోటికి సరిపోతానా? నువ్వే ఏలు!" అని కోటేశ్వరి దణ్ణం పెట్టింది.

మిగతావాళ్ళు రెండుగా చీలి, ఎదుటి పక్షాన్ని ఇలాగే పొగడసాగారు. కార్యదర్శిని నేను. తల పట్టుకున్నాను.

రాతపెట్టె గొంతు సవరించుకుంది. "ఇద్దరూ ఒకరినొకరు ప్రతిపాదించుకున్నారు, సభ బలపరిచింది. జంట నాయకత్వం ఏకగ్రీవం. ఇంత మర్యాదగల సంఘాన్ని నేనెన్నడూ వినలేదు. అభ్యంతరం లేకపోతే పంపేస్తాను."

అదంతా వెక్కిరింపని చెబితే అర్జీ ఆగిపోతుంది.

"అభ్యంతరమా? మా కోటేశ్వరి బంగారం!" అంటూ శేషారత్నం బల్లకింద ఆమె తొడ గిల్లింది.

"అమ్మా!"

"ఏమైందండీ?" అంది పెట్టె.

"ఆనందం పట్టలేక," అని కోటేశ్వరి అంతకు రెట్టింపు గిల్లింది.

అర్జీ వెళ్ళిపోయింది.