అవార్డు వచ్చిన ఏడుపు

రాజమల్లు శవాన్ని గదుల ముందు గ్యాలరీలో పడుకోబెట్టారు. గదిలో చోటు లేదు.

తల దగ్గర ఆయన భార్య పెంటక్క కూర్చుంది. మాది పక్క గదే. చుట్టూ మా మూడో అంతస్తు ఆడవాళ్లం. మూడో మాలా అంటాం ఈ బొంబాయి చాలీలో. దాదర్ నుంచి ఆయన అక్క సాయమ్మ కూడా వచ్చింది.

అందరం పెంటక్క నోటి వైపే చూస్తున్నాం.

మాలో భార్య గొంతెత్తాకే మిగతావాళ్లు అందుకోవాలి. ఉత్త ఏడుపు పనికిరాదు. రాగం తీసి, మాట కట్టి ఏడవాలి. ఎక్కడ పుట్టాడు, ఏ వయసులో బొంబాయి రైలెక్కాడు, ఎవరెవరి బిల్డింగులకు సిమెంటు మోశాడు, ఎవరికి అన్నం పెట్టాడు, అన్నీ ఆ ఏడుపులో రావాలి. మా మనుషుల గురించి పేపర్లో ఎవడు రాస్తాడు? మాకు ఉన్నదల్లా ఆ ఏడుపే.

ఏడ్చే దిక్కు లేని చావు పగవాడికి కూడా వద్దంటారు.

పెంటక్క ఏడిస్తే రాళ్లు కరుగుతాయి. కూతురు స్నేహల్ డెంగీతో పోయినప్పుడు విన్నాను. "కాళ్లకు చెప్పులన్న ఏసుకోకపోతివి బిడ్డా" అని ఎత్తుకుంటే, ఫాక్‌లాండ్ రోడ్డు దుకాణాలవాళ్లు బేరాలు వదిలి వచ్చి నిలబడ్డారు.

ఆ సంగతి ఎవరు చెప్పారో ఏమో, ఒక హీరోయిన్ వచ్చింది.

సినిమాలో మా కామాటిపురా తల్లి వేషమట. చాప మీద కూర్చుని పెంటక్క చేసిన జొన్నరొట్టె తిన్నది. మంచి పిల్లే, కాదనను. కొన్నాళ్లు వచ్చిపోయి, చివరికి హిందీలో అడిగింది, ఆ రోజు ఎలా ఏడ్చారో ఒక్కసారి చూపిస్తారా అని.

నేనైతే చీపురు తిరగేసేదాన్ని.

పెంటక్క చూపించింది. మొదట చూపించడానికే ఏడ్చింది. తర్వాత నిజంగానే ఏడ్చింది. ఆ పిల్ల ఫోన్లో రికార్డు చేసుకుంటూ తనూ ఏడ్చింది. వెళ్లేటప్పుడు కౌగిలించుకుంది.

సినిమా హిందీదే. ఆ ఏడుపు మాత్రం తెలుగులోనే ఉంచారు.

నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దాని వెనకే ఇంకో పెద్ద అవార్డు. పేరు పిలిచే ముందు స్టేజీ మీద ఆ ముక్కే వేశారు. పెంటక్క గదిలో టీవీ ముందు మా మాలా అంతా ఉంది. అవార్డు పైకెత్తి, "ఇది కామాటిపురా తల్లులందరిదీ," అంది ఆ పిల్ల.

అందరిదీ అట. నాకు ఒళ్లు మండింది.

పెంటక్క కళ్లు తుడుచుకుంది. "నాకన్న మంచిగ ఏడ్సింది పిల్ల."

రాజమల్లు లేచి టీవీ ఆపేశాడు.

అక్కడితో ఆగిందా? ఫోన్లకెక్కింది. పొద్దున లేస్తే ఎవరో ఒకరు చెప్పులన్న ఏసుకోకపోతివి అంటూ రీలు. నా కూతురు మేఘా కూడా లిప్‌స్టిక్ పెట్టుకుని చేసింది. తెలుగులో మంచినీళ్లు అడగడం రాదు దానికి, ఆ ఏడుపు మాత్రం వచ్చు. వీపు విమానం మోత మోగించాను.

ఇప్పుడు రాజమల్లు పోయాడు. సిమెంటు దుమ్ము తిన్న ఊపిరి, దగ్గి దగ్గి ఆగిపోయింది.

పెంటక్క రెండు చేతులూ ఆయన గుండెల మీద పెట్టి ఎత్తుకుంది. "ఓ నా అయ్యా..."

బిడ్డకైనా మొగుడికైనా ఆమెకు వచ్చిన రాగం ఒక్కటే.

మెట్ల దగ్గర కుర్రకారు కదిలింది. "అరే, వో పిక్చర్‌వాలా," అన్నారు ఎవరో, ఆ సినిమా ఏడుపేనని. ఒక ఫోను లేచింది. పక్కనే ఇంకొకటి. పాడె కట్టడానికి వచ్చిన కింది మాలా కుర్రాడు రితేశ్ కూడా ఎత్తాడు.

పెంటక్క చూసింది. నోరు తెరుచుకునే ఉంది. గొంతు రాలేదు.

"శవం ముందర సిగ్గు లేదారా," అన్నాను. ఫోన్లు దించారు.

అయినా ఆమె నోరు మూసుకుంది.

సాయమ్మ భుజం పట్టి ఊపింది. "ఏడువే పెంటమ్మా. నా తమ్ముణ్ని గిట్ల మూగగ పంపుతవా?"

"ఏడ్వొస్తలేదు వదినె."

"గట్లెట్ల? కండ్ల నీళ్లు కారుతనే ఉన్నయి గద."

"నోరు దెరిస్తె ఆ సిన్మ పిల్లే కండ్లల్లకొస్తున్నది. నేనే గామె లెక్క ఏసమేస్తున్నట్టున్నది." పెంటక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వెత్తుకో వదినె. నీకు దండం పెడత."

"నాకేడొస్తదే," అంది సాయమ్మ. నా వైపు చూసింది.

నాకూ రాదు. మా చాలీలో అది తెలిసిన మనిషి ఇక పెంటక్క ఒక్కతే.

కింద శవాల బండి హారన్ కొట్టింది.

మగవాళ్లు ఎత్తారు. పెంటక్క కొంగు నోట్లో కుక్కుకుంది. చెక్క మెట్ల మీద కాళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

గ్యాలరీ అంచు పట్టుకుని కిందికి చూశాను. పాన్ దుకాణం అతను గల్లీలోకి వచ్చి, పోయింది ఎవరని అడిగాడు.

రితేశ్ పాడెను భుజం మార్చుకున్నాడు.

"మూడో మాలా ముసలోడు," అన్నాడు.