వంటింటి థీసిస్

మా మరిది బాధ్యతాయుత ఆవిష్కరణల మీద పీజీ చేస్తున్నాడు. ఇంట్లోకి కొత్త యంత్రం తెచ్చేముందు అక్కడి మనుషుల్ని అడగాలట. ఈ ముక్క నేర్చుకోవడానికి రెండేళ్ల కోర్సు.

వంటింటి అలమర తుడుస్తుంటే డబ్బాల వెనక మాటలు రికార్డు చేసే పరికరం దొరికింది.

"నా థీసిస్ కోసం పెట్టాను వదినా, మూడు నెలలైంది," అన్నాడు సిగ్గు లేకుండా.

"అత్తయ్యగారిని నేనన్నవి కూడా ఉన్నాయా?"

"అవే బాగా వచ్చాయి."

"నన్ను అడగాలని నీ పెద్ద చదువు చెప్పలేదా బాబూ?"

"అడక్కుండా పెడితే డిగ్రీ ఇస్తారా వదినా?" అంటూ అంగీకార పత్రం తీశాడు. నా పేరుకు ఎదురుగా మా ఆయన సంతకం ఉంది.

ఈ మూడు నెలలుగా ఆయన రోజూ వంటింట్లోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, రోజెలా గడిచిందని అడుగుతుంటే, ఇన్నేళ్లకు మనిషి మారాడని మురిసిపోయాను.