బొగ్గు బస్సు క్లీనర్

ఆళ్లగడ్డ బస్సు టాపు మీద నా ఇనప పీపా ఊగుతోంది.

నేను రెండు తాళ్లు కట్టాను. మూడోది మా దాదా, అంటే నాన్నకు నాన్న, కట్టాడు, అడగకుండానే.

2005. నంద్యాల ఇంజనీరింగ్ కాలేజీలో నాది ఆఖరి సంవత్సరం.

బొగ్గును నేరుగా కాల్చకుండా గ్యాసుగా మార్చి కరెంటు తీస్తారు. పొగను గాలిలోకి వదలకుండా పట్టేస్తారు. అలాంటి ప్లాంటు పెట్టాలని ఒక కంపెనీ అనుకుంటోంది. ఇంకా కాగితాల మీదే ఉంది. ఆ కంపెనీ పెద్దలు ఈరోజు మా కాలేజీకి వస్తున్నారు. చిన్న నమూనా చేసి నడిపి చూపించిన వాళ్లలో ఒకరికి ఉద్యోగం.

ఆ ఒకరు నేనే కావాలి. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ నెలజీతం లేదు.

"నేనూ వస్తా" అన్నాడు దాదా పొద్దున్నే.

"యాడికి?"

"కాలేజీకి."

"నీకేం పని దాదా ఆడ?"

"నేను చేయని పనా బేటీ అది?"

మళ్లీ మొదలు! యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయట. నంద్యాల బొగ్గు బస్సుకు మా దాదా ఖాదర్ బాషా క్లీనరట. నేను పుట్టినప్పటి నుంచి ఇదే కథ. చెవులు చిల్లులు పడ్డాయి.

బస్సులో ముందు సీట్లు ఖాళీగా ఉన్నా, పోయి చిట్టచివర కూర్చున్నాడు.

"క్లీనర్ జాగా ఇదే."

దగ్గాడు. ఆ దగ్గు మా ఇంట్లో గోడగడియారం లాంటిది. ఎవరమూ పట్టించుకోం.

కాలేజీ గేటు దగ్గర ఆగాను. మాసిన లుంగీ, తలకు తువ్వాలు, చేతిలో సంగటి క్యారియరు. నాకు సిగ్గేసింది.

"దాదా, నువ్వీ టీ బంకు కాడ కూర్చో. లోపలికి రావద్దు."

"సరే బేటీ" అన్నాడు.

నేనన్న ఆ మాట రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు.

మైదానంలో అన్నీ అమర్చాను. పీపాలో బొగ్గులు, పక్కన గాలి లాగే చేతి మిషను. గొట్టానికి తగిలించేందుకు చిన్న జనరేటరు, దానికో బల్బు. జనరేటరు పొగ గొట్టాన్ని గాజు సీసాలో ముంచాను. సీసాలో కొలిమిగుండ్ల నుంచి తెచ్చిన సున్నం కలిపిన నీళ్ల తేట.

కంపెనీ పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. పక్కన మా లెక్చరర్ విజయమ్మ మేడం.

"కానివ్వు జబీనా" అన్నారు మేడం.

బొగ్గులు రాజేసి, మిషను తిప్పి, గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీశాను. గ్యాసు తయారైతే మంట అంటుకోవాలి.

అంటుకోలేదు. తెల్లటి పొగ వచ్చింది.

పీపా మూత తీసి చూశాను. నిప్పు ఉంది. మూశాను. ఇంకో పుల్ల. అదే పొగ.

మళ్లీ మూత తీశాను.

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. నా కళ్లలో నీళ్లు పొగవే అనుకున్నారందరూ.

"యా అల్లా! ఎన్నిసార్లు తీస్తావే మూత!"

వెనక్కి తిరిగాను. దాదా! ఎప్పుడొచ్చాడో.

"దమ్ పెట్టిన బిర్యానీని ఎవురన్నా మూత తీసి చూస్తారా? మీ దాదీ ఉంటే గరిటె తిరగేసేది."

చుట్టూ నిలబడ్డ కాలేజీ పిల్లలు గొల్లున నవ్వారు.

"ఎవరీయన?" అన్నారు విజయమ్మ మేడం.

ఈసారి నేను సిగ్గుపడలేదు.

"మా దాదా, మేడం. బొగ్గు బస్సు క్లీనర్."

దాదా మూత చుట్టూ వేలు తిప్పాడు. ఒకచోట ఆగాడు.

"కుదుపులకి మూత వంగింది. ఈడ గాలి దూరతాంది. గాలి దూరితే ఇంక గ్యాసు యాడిది?"

క్యారియరు విప్పాడు. సంగటి ముద్దను తాడులా పేనాడు. మూత అంచంతా అద్ది గట్టిగా ఒత్తాడు.

"నవ్వుకోండప్పా. అప్పుడు బంకమట్టి పెట్టేటోళ్లం. ఈడ గెలికితే గులకరాళ్లే."

చేతి మిషను నాకిచ్చాడు.

"తిప్పు. పరిగెత్తొద్దు, నిదానంగా. మూత జోలికి పోతే చూడు."

తిప్పాను. చెయ్యి లాగేసింది. తిప్పుతూనే ఉన్నాను. దాదా గొట్టం దగ్గర వంగి వాసన చూస్తున్నాడు.

"ఇంగ గీయ్."

గీశాను.

నీలంగా అంటుకుంది మంట!

మంట ఆర్పి గొట్టాన్ని జనరేటరుకు తగిలించాను. అది రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి అందుకుంది. బల్బు వెలిగింది. సీసాలో బుడగలు లేచాయి. చూస్తుండగానే సున్నపు తేట పాలలా తెల్లబడింది.

"పొగ ఇందులోకి పోతోందా?" పెద్దాయన సీసా దగ్గరికి వంగాడు.

"పొగలోని కార్బన్ డయాక్సైడును సున్నం పట్టేస్తుంది సార్. పెద్ద ప్లాంటులో అయితే పట్టి భూమి లోపల దాస్తారు."

దాదా గొంతుక్కూర్చుని సీసానే చూస్తున్నాడు.

"మా బస్సుకు ఇది లేకపాయ బేటీ. ఆ పొగంతా మేమే మింగితిమి."

నవ్వాడు. నవ్వు దగ్గయింది. చాలాసేపు ఆగలేదు. ఈసారి నాకు గడియారం గుర్తు రాలేదు. వీపు నిమిరాను.

పెద్దాయన నీళ్ల సీసా అందించాడు.

"మొత్తానికి దీన్ని నడిపింది మీరేనన్నమాట!"

దాదా లేచి నిలబడ్డాడు. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"నేను క్లీనర్ని సార్" అని నా వైపు చెయ్యి చూపించాడు. "డ్రైవరు ఆ పిల్ల."

పెద్దాయన పెన్ను తీసి నా పేరు రాసుకున్నాడు. వచ్చే నెల ఒకటో తేదీ రమ్మన్నాడు.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సెక్కాం.

"ఆకలైతాంది బేటీ. సంగటంతా నీ పీపానే తినె" అంటూ దాదా చివరి సీటుకు పోయాడు. "నువ్వాడ ముందర కూర్చోపో. డ్రైవరు ముందర ఉండాల."

ముందు సీటు ఖాళీగానే ఉంది.

నేను వెనక్కి పోయి క్లీనర్ పక్కన కూర్చున్నాను.