ఆరు వారాల కాపలా

లక్ష్మీకాంతమ్మ పగబట్టింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. నడుము నొప్పి, ఒక కంట్లో శుక్లం. పగకు మాత్రం ఏ లోటూ లేదు.

పగంతా సిగరెట్ల మీదే అనుకున్నారు తూంకుంటలో. అనుకోవడానికి కారణమూ ఉంది. ఆమె భర్త వెంకటనర్సయ్య సిగరెట్లు కాల్చి కాల్చి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఇప్పుడు పెద్దకొడుకు ప్రతాప్‌దీ అదే దారి. బరువు నూట అరవై రెండు కిలోలు. రోజుకు రెండు ప్యాకెట్ల సిగరెట్లు, పదిహేను చాయ్‌లు. నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. బరువు తగ్గించే ఆపరేషన్ ఒక్కటే మార్గమన్నారు.

“సిగరెట్ మానాలండీ. టీ, కాఫీ కూడా మానాలి. ఆరు వారాలు,” అంది కొంపల్లి ఆసుపత్రిలో డాక్టర్ లిఖిత. “మూత్రపరీక్షలో నికోటిన్ కనపడితే నేను ఆపరేషన్ చెయ్యను. లోపల కుట్లు మానవు.”

రెండుసార్లు పరీక్ష చేశారు. రెండుసార్లూ కనపడింది. రెండుసార్లూ ఆపరేషన్ వాయిదా పడింది.

ప్రతాప్ పెద్దగా బాధపడలేదు. “ఏం జేస్తం మేడం, అలవాటు,” అని నవ్వాడు. వెంట వచ్చిన దోస్తు అన్వేష్, వాయిదా అని డాక్టర్ రాసిచ్చిన కాగితాన్ని నలగకుండా ఫైల్లో పెట్టుకున్నాడు.

ఆ నవ్వు చూసి లక్ష్మీకాంతమ్మకు ఒళ్లు మండిపోయింది.

“మూడోసారి ఎట్ల గాదో నేను జూస్త,” అంది.

ఇంట్లో ఉండేది తల్లీకొడుకులిద్దరే. ప్రతాప్ భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లి చాలాకాలమైంది. చిన్నకొడుకు మహేష్ హాల్లో ఫోటోలో ఉన్నాడు. నాలుగేళ్ల కిందట దేవరయాంజాల్ దారిలో కారు గుద్ది పోయాడు. ఆ ఫోటోకు తల్లి రోజూ దండ మారుస్తుంది.

ముందుగా చాయ్‌పత్తా డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. కొడుకుతో పాటు తనూ మానేసింది. మూడు రోజులు తల పగిలిపోయింది. నుదుటికి గుడ్డ కట్టుకుని తిరిగింది గానీ చుక్క ముట్టలేదు. చౌరస్తాలో హోటల్‌కు వెళ్లి, “నా కొడుక్కు చాయ్ వోసినవంటే నీ పొయ్యిల నీళ్లు వోస్త,” అని చెప్పి వచ్చింది. హోటలాయన ఇప్పటికీ ఆమె కనపడితే లోపలికి పోతాడు.

తర్వాత సిగరెట్ల వేట. కూలర్ గడ్డిలో ఒక ప్యాకెట్. ఇన్వర్టర్ వెనక ఒకటి. బియ్యం డ్రమ్ములో, అడుగున, ఇంకొకటి. అన్నీ విప్పి, పొగాకు నీళ్లలో నానబెట్టి, పెరట్లో చిక్కుడు పాదుకు చల్లింది. పాదును పట్టిన పేనుబంక చచ్చింది. కాయ విరగగాసింది. వాడంతా పంచింది గానీ కొడుక్కు మాత్రం ఆ కూర పెట్టలేదు. ఏమో, అదీ పరీక్షలో కనపడితే?

ప్రతాప్ సోమవారం సోమవారం షామీర్‌పేటకు పోయి సంతకం పెట్టి రావాలి. ప్లాట్ల వ్యాపారం చేసినవాడికి సంతకాలు కొత్తా? అయినా కారులో ముందు సీట్లో తల్లి కూర్చుంది. మధ్యలో ఎక్కడా దిగనివ్వలేదు. అన్వేష్ వస్తే గేటు దగ్గరే జేబులు తడిమింది.

“అమ్మా, నేను వాని మంచికే వస్తున్న,” అన్నాడతను.

“తెలుసు బిడ్డా. సిగరెట్లు ఈడ పెట్టి లోపలికి పో.”

అయిదో వారంలో ఒకరోజు దండ మారుస్తుంటే మహేష్ ఫోటో వెనక నుంచి ప్యాకెట్ జారి కింద పడింది.

అంత కోపం లక్ష్మీకాంతమ్మకు బతుకులో రెండోసారి. సోఫా నిండా కూర్చున్న ప్రతాప్ దగ్గరికి నడిచి, చెంప మీద ఒక్కటిచ్చింది. నలభై ఆరేళ్ల కొడుకు.

“ఇల్లంత జాగ దొరకలేదారా నీకు? వాని ఎనకనే దాచినవా?”

ప్రతాప్ తల దించుకున్నాడు. గొంతు తగ్గించి బతిమాలాడు. “ఒక్కటి తాగనియ్యే అమ్మా. కాళ్లు మొక్కుత. గిట్ల పానం తీస్తవా ఏంది?”

“పానం ఎందుకు తీస్త? నువ్వు సావద్దు కొడకా. ఆపరేషన్ జేసుకోని, బరువు దిగి, మంచిగ నూరేండ్లు బతకాలె.”

ఆ ప్యాకెట్ కూడా చిక్కుడు పాదుకే పోయింది.

ఆరు వారాలు నిండాయి. మూడో పరీక్ష కాగితం చూసి డాక్టర్ లిఖిత మొహం విప్పారింది.

“అస్సలు లేదండీ! శుక్రవారం ఆపరేషన్ పెట్టేద్దాం.”

ప్రతాప్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్వేష్ ఫైలు తెరిచి, ఏం పెట్టాలో తెలియక మూసేశాడు.

“భయపడకండి, చిన్న చిన్న కోతలే,” అని డాక్టర్ ధైర్యం చెప్పింది. తర్వాత లక్ష్మీకాంతమ్మ చెయ్యి పట్టుకుంది. “మీలాంటి అమ్మ అందరికీ ఉండాలండీ.”

లక్ష్మీకాంతమ్మ పరీక్ష కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

ఇంటికి రాగానే ప్రతాప్ గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆమె బీరువా తాళం తీసి, చాయ్‌పత్తా డబ్బా బయటపెట్టింది. అల్లం దంచి వేసి, చిక్కటి పాలతో రెండు కప్పులు కాచింది. ఒకటి తను పట్టుకుంది. ఇంకొకటి ఫోటో ముందు పెట్టి, చిన్నకొడుకు మొహంలోకి చూస్తూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తాగు మహేషూ,” అంది. “నిన్ను కారు కిందేసి సంపిన మీ అన్నకు జడ్జిసాబు గా ఆపరేషన్ అయ్యేదాకనే బెయిలిచ్చిండు, ఇగ నూరేండ్లు జైల్లనే బతుకుతడు.”