తడి గోనెలు

“లోపలికి రాండి అత్తమ్మా. పిల్లగాడు నిద్ర లేచిండు,” అన్నది హైమ.

“ఇప్పుడే రోడ్డు మీద నీళ్లు చల్లి వచ్చిన. ఒళ్లంతా బొగ్గుదుమ్ము. ముందు తలుపు మూయి,” అన్నది సీతారావమ్మ వసారాలో నుంచే.

మణుగూరు బొగ్గు లారీలన్నీ ఆ ఇంటి ముందు నుంచే పోతాయి. మూడు నెలల కొడుకుతో హైమ పుట్టింటి నుంచి వచ్చిన వారానికే పసివాడికి దగ్గు పట్టుకుంది. గదిలోకి దుమ్ము రానివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ రోజే సీతారావమ్మ కొంగు బిగించింది. కిటికీలకు తడి గోనెలు కట్టింది. ఆరినప్పుడల్లా తడిపింది. తలుపు కింది సందులో పాత చీర కుక్కింది. గదిలో చీపురు పట్టనివ్వలేదు, తడిగుడ్డతో తుడవాల్సిందే.

నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. అత్తగారి పట్టింపే తగ్గలేదు. మంచం వసారాలోకి మార్చుకుంది. కంచం, చెంబు కూడా అక్కడే. స్నానం చేసి ఉతికిన చీర కట్టుకున్నా గడప తొక్కేది కాదు. కిటికీ గోనె కొంచెం పక్కకు జరిపి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని మనవణ్ని చూసేది. నెలకోసారి మాత్రం రాముడి దర్శనమంటూ భద్రాచలం బస్సెక్కేది.

“మీ అమ్మకు వీడంటే ఇష్టం లేదు. దుమ్ము ఒక వంక,” అన్నది హైమ భర్తతో.

“పట్టింపు మనిషిలే,” అన్నాడు వెంకటప్పయ్య.

పిల్లవాడి మొదటి పుట్టినరోజున హైమ ఉండబట్టలేకపోయింది. వాణ్ని తెచ్చి అత్త ఒళ్లో పెట్టబోయింది.

“ఒక్కసారి ఎత్తుకోండి!”

సీతారావమ్మ గభాలున లేచి గోడకు ఆనుకుంది. “వద్దు! దుమ్మున్నది. తీస్కపో!”

ఆ తర్వాత హైమ అత్తతో మాట్లాడటమే మానేసింది.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గాలి లేచి రోడ్డంతా నల్లగా కమ్ముకుంది. భద్రాచలం బస్సు దిగిన సీతారావమ్మ తల నుంచి కాలి దాకా బొగ్గుపొడితో నేరుగా గదిలోకి వచ్చింది. వెనకాలే దుమ్మూ వచ్చింది. తలుపైనా మూయలేదు.

“వాణ్ని ఇటియ్యి బిడ్డా.”

“ఒళ్లంతా దుమ్మే గదా అత్తమ్మా!”

“ఉండనియ్. కడిగితే పోతది.”

ఆమె మనవణ్ని ఎత్తుకుని ఎదకు అదుముకుంది. వాడి చెంపకు చెంప ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ కుదుపుకు ఆమె చేతిసంచీ జారి, అందులోంచి ఒక కాగితం కిందపడింది. హైమ తీసి చూసింది. పైన భద్రాచలం దవాఖానా ముద్ర, కింద డాక్టరు రాత.

‘సీతారావమ్మకు టీబీ పూర్తిగా నయమైంది.’